నలభైమూడో నంబరు బిళ్ళ

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి విమానాల ఫ్యాక్టరీ హ్యాంగర్లో ఒక అద్దం పోయిందని తేలింది.

మొహం చూసుకునే అద్దం కాదు. చేతి గడియారమంత గుండ్రటి అద్దం, దానికి మూరెడు ఇనుప కాడ. విమానం పొట్టలో కంటికి అందని మూలల్ని చూడటానికి వాడతారు. అంత పొడుగు కాడది ఆ హ్యాంగర్లో అదొక్కటే.

పనిముట్టు పోతే యుద్ధ విమానం కదలదు. అది అక్కడి రూలు. పోయిన వస్తువు ఏ ఇంజన్లోనో ఉండిపోతే, పైకెళ్ళాక అదే పైలట్ ప్రాణం తీస్తుంది.

పదిహేడో నంబరు విమానం ఆ మధ్యాహ్నం మూడింటికి ఎగరాలి. కొనడానికి వచ్చినవాళ్ళు అప్పటికే గెస్ట్‌హౌస్‌లో దిగారు.

ఏడూ ఇరవైకి విజిలెన్స్ ఆఫీసరు ఇంట్లో ఫోన్ మోగింది. అప్పుడామె వంటింట్లో నిలబడి కాఫీ తాగుతోంది. ఆఫీసు వాళ్ళు తప్ప ఆ ఫోన్‌ని ఇంకెవరూ మోగించి చాలాకాలమైంది. యాభై రెండేళ్ళ మనిషి. పోలీసు డిపార్ట్‌మెంటులో ఇరవై ఏళ్ళు చేసి ఈ ఫ్యాక్టరీకి వచ్చింది. హ్యాంగర్లో అందరూ చాటున 'భూతద్దం' అంటారని ఆమెకి తెలుసు. పోనీలే, పిలవడానికి ఒక పేరంటూ పెట్టారు అనుకునేది.

కప్పు కడిగి బోర్లించి బయల్దేరింది. గట్టు మీద ఉన్నది ఆ ఒక్క కప్పే.

టూల్ రూమ్ గోడంతా పెద్ద బోర్డు. ఒక్కో పనిముట్టుకి ఒక్కో కొక్కెం, దాని వెనక ఎర్రరంగుతో దాని ఆకారం. ఎవరైనా పనిముట్టు తీసుకుంటే, తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆ కొక్కేనికి తగిలిస్తారు. తిరిగిచ్చినప్పుడు బిళ్ళ వెనక్కి తీసుకుంటారు.

అద్దం కొక్కేనికి ఒక బిళ్ళ వేలాడుతోంది. నంబరు నలభైమూడు.

టూల్ రూమ్ చూసుకునే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. గొంతు మైకులాంటిది.

"నిన్న ఆఖరి లెక్క ఎప్పుడు?"

"నాలుగున్నరకమ్మా. అన్నీ ఉన్నాయి. ఒక్క బిళ్ళ కూడా బోర్డు మీద లేదు."

"తరవాత ఇక్కడికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"నువ్వు కదల్లేదా?"

"అయిదింటికి టీకి వెళ్ళాను. పదే పది నిమిషాలు. అయిదున్నరకి తాళం వేశాను. పొద్దున ఏడుకి నేనే తీశాను."

"టీ నుంచి వచ్చాక బోర్డు చూశావా?"

బాబాయ్ మెడ గోక్కున్నాడు. "చూడలేదమ్మా. మళ్ళీ మళ్ళీ లెక్కపెడితే చాదస్తం అంటారని..."

నలభైమూడు ఒక ఫిట్టరుది. నలభై ఏళ్ళుంటాయి. నోరు మూతపడదు కాబట్టి 'రేడియో' అని పేరు. ఆ పొద్దున మాత్రం రేడియో సగం ఆగిపోయింది.

"నిన్న ఎప్పుడు వెళ్ళావు?"

"అయిదూ ఇరవైకి మేడమ్. పదిహేడుకి మూతలు బిగించి, నాలుగున్నరకి పనిముట్లు ఇచ్చేసి, విమానం తుడిచి, చేతులు కడుక్కుని వెళ్ళాను. ఆఖర్న వెళ్ళింది నేనే, ఒప్పుకుంటాను. కానీ అద్దం నేను ముట్టలేదు."

"మరి ఈ బిళ్ళ?"

అతను నడుముకున్న రింగు విప్పి బల్ల మీద పెట్టాడు. "మనిషికి అయిదిస్తారు. నా అయిదూ ఇవిగో. ఆరోది నేనెక్కణ్ణుంచి తేను? పెట్టడానికి నేనేమన్నా కోడిపెట్టనా?"

ఎవరూ నవ్వలేదు. అతనే నవ్వబోయి మానుకున్నాడు.

"ఇద్దరు పిల్లలు మేడమ్. పెద్దది పదో తరగతి. ఉద్యోగం పోతుందంటున్నారు."

సేల్స్ మేనేజరు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

"దొంగ బిళ్ళ చేయించుకున్నాడు, అంతే కదా. చేయించలేనిదా అది?"

"ఎందుకు చేయించుకుంటాడు? అద్దం అమ్ముకోవడానికా?"

"అది మీరు కనుక్కోండి. మూడింటికి విమానం లేవాలి. నాకు తెలిసింది అదొక్కటే."

ఆమె కొక్కేనికున్న బిళ్ళని తీసి, రుమాలులో చుట్టి, సంచీలో వేసుకుంది.

ఏడున్నర నుంచి పన్నెండు మంది పదిహేడు మీద పడ్డారు. మూతలన్నీ విప్పారు. టార్చిలు వేసి వెతికారు. పదకొండైనా అద్దం జాడ లేదు.

పదకొండున్నరకి ఆమె మెట్లు దిగి కింది అంతస్తుకి వెళ్ళింది. రికార్డు గది. కిటికీ లేదు. పగలూ ట్యూబులైటే. అక్కడ ఒక్కత్తే కూర్చునే ఆవిడ్ని రిజిస్టరమ్మ అంటారు. క్యాంటీన్లో ఇద్దరూ నాలుగేళ్ళుగా పక్కపక్క బల్లల దగ్గర తింటున్నారు. ఎవరి బల్ల వాళ్ళది. పలకరించుకున్నది లేదు.

"టూల్ రూమ్ రిజిస్టర్లు మీ దగ్గరికే వస్తాయా?"

"వస్తాయండి. పదిహేడుకి సంబంధించినవే కదా? తీసి పెట్టాను."

ఆమె అడగబోయేది ముందే బల్ల మీద ఉంది. దాని పక్కన లావుపాటి పుస్తకం. ఒక్కో విమానానికి ఒక్కో పేజీ. మూడు గళ్ళు: తయారీ, పరీక్ష, అమ్మకం. గుండ్రటి చేతిరాత. కొట్టివేతల్లేవు.

"పదకొండో పేజీలో అమ్మకం గడి ఖాళీగా ఉందే?"

"అది టెస్టులో కూలిపోయిందండి. ఇక ఆ నంబరు ఎవరికీ ఇవ్వరు. పోయిన నంబరు పోయినట్టే. మళ్ళీ ఇంకోదానికి పెడితే మర్యాదగా ఉండదు కదా."

"మనుషుల నంబర్లకి కూడా అంతేనా?"

"మనుషుల సంగతి పర్సనల్ ఆఫీసు చూస్తుందండి. నాకు విమానాలే." ఆవిడ పుస్తకం మూస్తూ అడిగింది. "మూతలన్నీ విప్పారా? ఎడమ రెక్క కింది మూత కూడా?"

"విప్పారు."

"ఏమీ కనిపించలేదా?"

"అద్దమా? లేదు."

ఆవిడ స్టాంపు పెట్టె సర్దుకుంది. వేళ్ళ కొసలకి ఊదారంగు సిరా.

ఆఫీసరు టూల్ రూమ్ రిజిస్టరు, పదిహేడో విమానం టెస్టు రిజిస్టరు పట్టుకుని పైకి వచ్చి, ఎవరూ లేని మెట్ల మీద కూర్చుని చదివింది. పద్నాలుగో తారీఖు పేజీల్లో, రెండు పుస్తకాల్లోనూ, అంచున సన్నటి పెన్సిల్ టిక్కు ఉంది. పన్నెండున్నరకి పర్సనల్ ఆఫీసుకి వెళ్ళి అరపేజీ ఫైలు ఒకటి చూసింది. ఒంటిగంటకి సేల్స్ మేనేజరు కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు.

"అద్దం విమానంలో లేదు, ఫిట్టరు బయటికి పట్టుకుపోయాడు అని రాశాను. మీ సంతకం పడితే రూలు తీరిపోతుంది. విమానం లేస్తుంది."

"ఫిట్టరు?"

"ఇంటికి పోతాడు. ఎవరో ఒకరు పోవాలిగా?"

"రెండింటికి అందరూ టూల్ రూమ్‌కి రండి. టెస్టింగ్ చీఫ్‌ని కూడా తీసుకురండి. సంతకం సంగతి అక్కడ."

రెండింటికి బాబాయ్, రేడియో, సేల్స్ మేనేజరు, టెస్టింగ్ చీఫ్ బోర్డు ముందు నిలబడ్డారు. జరిగింది రాసుకోవడానికని రిజిస్టరమ్మని కూడా పిలిపించింది ఆఫీసరు. ఆవిడ పుస్తకం, సంచీ పట్టుకుని ఓ మూల నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఆఫీసరు రెండు బిళ్ళలు పక్కపక్కన పెట్టింది.

"ఇది రేడియో రింగులోది. ఇది కొక్కేనికి దొరికింది. తేడా చెప్పండి."

"రెండూ నలభైమూడే," అన్నాడు టెస్టింగ్ చీఫ్.

"పొద్దుట్నుంచీ అందరూ నంబరే చూశారు. బిళ్ళని చూడలేదు. రేడియో బిళ్ళ గ్రీజు పట్టి నల్లగా ఉంది. రోజూ చేతులు మారేది అలాగే ఉంటుంది. రెండోదానికి గ్రీజు లేదు. ఏళ్ళ తరబడి సొరుగులో పడుంది. అంకెల గాడుల్లో రంగు చూడండి."

బాబాయ్ వంగాడు. "ఊదారంగు."

"స్టాంపు సిరా. హ్యాంగర్లో స్టాంపు ఎవరు వేస్తారు?"

ఆఫీసరు బాబాయ్ వైపు తిరిగింది.

"బాబాయ్, నిన్న సాయంత్రం ఎవరూ రాలేదన్నావు. రిజిస్టరు పట్టుకెళ్ళడానికి కూడా రాలేదా?"

"రిజిస్టరమ్మా? ఆవిడ రోజూ అయిదింటికి వస్తుంది కదమ్మా. ఆవిడ రావడం కూడా..." మాట సగంలో మింగేశాడు.

"లెక్కలోకి రాదు. అవునా?"

రిజిస్టరమ్మ పుస్తకం కింద పెట్టింది. మొహంలో భయం లేదు. అయోమయం ఉంది.

"నలభైమూడు... ఈయనదా?"

"ఆరేళ్ళయింది మేడమ్," అన్నాడు రేడియో. "పాత షెడ్డు నుంచి నన్నిక్కడికి మార్చినప్పుడు ఇచ్చారు."

"అంతకు ముందు ఎవరిదో ఫైల్లో ఉంది," అంది ఆఫీసరు. "ఒక ఫిట్టరు. జబ్బుచేసి పోయారు. నాలుగు బిళ్ళలే వెనక్కి వచ్చాయి. అయిదోది దొరక్క కొత్తది కొట్టించారు."

"చొక్కా జేబులో ఉండిపోయింది." రిజిస్టరమ్మ బిళ్ళ కేసి చూస్తూ అంది. "మా ఆయనది. ఇవ్వబుద్ధి కాలేదు. ఆ నంబరు ఇక ఎవరికీ ఇవ్వరనుకున్నానండి. ఉత్త కొక్కెమైతే బాబాయ్ మీదికి పోతుంది, ఎవరిదీ కాని నంబరైతే ఎవరి మీదికీ పోదనుకున్నాను. ఇంకో మనిషి ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు."

ఆవిడ రేడియో వైపు తిరిగింది. "నావల్ల పొద్దుట్నుంచీ దొంగవైపోయావు. క్షమించు నాయనా."

రేడియో బాబాయ్ స్టూలు లాగి ఆవిడ పక్కన పెట్టాడు.

ఆవిడ సంచీలోంచి లంచ్ బాక్సు తీసి, దాని కిందున్న తువ్వాలు విప్పింది. అద్దం.

"ఎందుకమ్మా ఇదంతా?" సేల్స్ మేనేజరు అరిచాడు. "మీకేం నష్టం చేశాం మేము?"

ఆఫీసరు పెన్సిల్ టిక్కులున్న చోట రెండు రిజిస్టర్లూ తెరిచింది. "నేను చెప్తాను. పద్నాలుగో తారీఖు టెస్టు తరవాత, ఎడమ రెక్క కింద అదురు వస్తోందని పైలట్ రాశాడు. మధ్యాహ్నం రెండూ ఇరవైకి 'పైపు వెనక అద్దంతో చూశాం, లోపం లేదు' అని సంతకం ఉంది. ఇది టూల్ రూమ్ పుస్తకం. పద్నాలుగున పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అద్దం కొక్కెం మీంచి దిగలేదు. సంతకం ఎవరిది చీఫ్?"

టెస్టింగ్ చీఫ్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆ రోజు పని ఒత్తిడి... పైలట్లు ఏదో ఒకటి రాస్తూనే ఉంటారండి."

"ఇదే సంగతి పైవాళ్ళకి మూడు కాగితాలు రాశాను," అంది రిజిస్టరమ్మ. "మీ పని రాయడం, చదవడం కాదు అని జవాబొచ్చింది. నా మాటకి విమానం ఆగదు. పనిముట్టు పోతే ఆగుతుంది. వెతకడానికి ఎలాగూ అన్నీ విప్పుతారు, అప్పుడు ఆ లోపం కనబడుతుందనుకున్నాను." ఆవిడ అద్దం కేసి చూసింది. "అది కనబడాలంటే ఇదే కావాలని తట్టలేదు. దీన్ని నేనే దాచుకుని కూర్చున్నాను."

రెండూ ఇరవైకి రేడియో అద్దం తీసుకున్నాడు. అలవాటుగా తన బిళ్ళ కొక్కేనికి తగిలించి, ఎడమ రెక్క కిందికి దూరాడు. రెండు నిమిషాలు. మూడు.

"మేడమ్." గొంతు లోపల్నుంచి వచ్చింది. "ఇంధనం పైపుని పట్టి ఉంచే క్లాంపు పగిలింది. వెంట్రుకంత సందు. పైపుకి చెమ్మ కూడా ఉంది."

సేల్స్ మేనేజరు చేతిలో ఒక ఫోన్ మోగుతోంది. అతను తియ్యలేదు. విమానం పక్కన హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ పైలట్, దాన్ని మెల్లగా నేల మీద పెట్టాడు.

మూడింటికి పదిహేడు ఎగరలేదు.

నాలుగుంబావుకి రెండు సస్పెన్షన్ కాగితాలు వచ్చాయి. ఒకటి టెస్టింగ్ చీఫ్‌కి. ఒకటి రిజిస్టరమ్మకి.

"రిపోర్టులో మీ సంగతి రాయక తప్పలేదు," అంది ఆఫీసరు, కింది గది గుమ్మంలో నిలబడి. "ఎందుకు చేశారో కూడా రాశాను."

"రాయాలి కదండీ. నేనూ రాసే మనిషినే." ఆవిడ పదిహేడో పేజీలో ఆఖరి వరస రాసి, సిరా ఆరేదాకా ఆగి, పుస్తకం మూసింది. "ఆ బిళ్ళ?"

"విచారణ అయ్యేదాకా నా దగ్గరుండాలి. అయ్యాక నేనే తెచ్చిస్తాను."

ఇద్దరూ హ్యాంగర్ మీదుగా బయల్దేరారు. నాలుగున్నర. బాబాయ్ ఆఖరి లెక్క మొదలుపెట్టాడు. ఒక్కో కొక్కెం నుంచి బిళ్ళ తీసి, నంబరు పిలిచి, మనిషికి అందిస్తున్నాడు.

"ముప్ఫై ఎనిమిది!"

"ఉన్నా!"

"నలభైమూడు!"

రిజిస్టరమ్మ ఆగిపోయింది.

"ఉన్నా బాబాయ్!" రేడియో ఆ మూల నుంచి అరిచాడు. రేకుల కప్పు కింద ఆ కేక అటునుంచి ఇటు తిరిగింది.

"ఇలా రోజూ పిలుస్తారా?" అడిగింది ఆవిడ.

"రోజూ. పొద్దున ఏడుకి హాజరుకి, సాయంత్రం నాలుగున్నరకి లెక్కకి."

"ఆరేళ్ళుగా పైన పిలుస్తూనే ఉన్నారన్నమాట. కిందికి వినబడదు."

ఇద్దరూ గేటు దాకా నడిచారు. గేటు దగ్గర ఆవిడ బ్యాడ్జి తీసి కాపలా అతనికిచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

"బాబాయ్ గొంతు పెద్దది," అంది ఆఫీసరు. "పొద్దున గాలి ఇటు తిరిగితే గేటు బయటికి కూడా వినబడుతుంది."

"ఏడింటికా?"

"ఏడింటికి. నేనూ వస్తాను."