ఊఁ కొట్టిన ఊయల

విడుదలైన రోజు మ్యాట్నీకే తేలిపోయింది, సినిమా పోయిందని.

హాల్లో సగానికి పైగా కుర్చీలు ఖాళీ. తెర మీద అమ్మవారు ఎనిమిది చేతులతో ప్రత్యక్షమైంది. ఆరు చేతులు బాగానే ఆడుతున్నాయి, మిగతా రెండు మాత్రం ఆరేసిన చొక్కా చేతుల్లా వేలాడుతున్నాయి. పసిపిల్లల్ని మింగే రాక్షసి నోరు తెరిచినప్పుడు జడుసుకోవాల్సిన జనం, ఆమె పై పళ్లవరస ఊగడం చూసి పకపకా నవ్వారు. ఐదు నిమిషాలకోసారి ఎవరో ఒక ముని మాతృత్వం మీద ఉపన్యాసం దంచుతున్నాడు. దానికి ముందు తప్పకుండా ఒక మెరుపు మెరుస్తోంది.

"మళ్లీ మెరిసింది. ఇప్పుడు అమ్మ గురించి చెప్తాడు చూడు," అన్నారు ముందు వరసలో ఎవరో. నిజంగానే చెప్పాడు.

చివరి వరసలో కూర్చున్న సౌండుకి ఈ నవ్వులేవీ చెవికెక్కలేదు. సినిమాకి శబ్దాలు కూర్చే పని అతనిది. అసలు పేరు స్టూడియోలో ఎవరికీ గుర్తు లేదు, సౌండూ అని పిలిస్తే పలుకుతాడు. ఎవరు ఎంత నవ్వుకున్నా అతను ఒకే ఒక్క సీను కోసం కాచుకుని ఉన్నాడు.

ఆ సీను రానే వచ్చింది. కన్నబిడ్డను పోగొట్టుకుని, శాపం తగిలి రాక్షసిగా మారిన తల్లి, పాడుబడిన ఇంట్లో ఖాళీ ఊయల మీదికి వంగింది. మెరుపు లేదు, సంగీతం లేదు. చాలా మెల్లగా, రోజూ ఇంట్లో అడిగినట్టే, "తిన్నావా?" అని అడిగింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఖాళీ ఊయల్లోంచి వచ్చింది జవాబు.

"ఊఁ."

హాలంతా గప్‌చుప్. పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. నాలుగు వరసల ముందు ఒకమ్మాయి దిగ్గున లేచి, పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటికి పరుగెత్తింది. మనిషి పారిపోయేంత పని చేసిందన్నమాట తన ఊఁ, అని అతను లోలోపల మురిసిపోయాడు. తలుపు తెరుచుకున్నప్పుడు పడిన వెలుతుర్లో ఆమె ముఖం చూసి, ఆ మురిపెం కాస్తా రెట్టింపైంది. తెర మీద "తిన్నావా" అన్న గొంతు ఆమెదే మరి.

ఆమెను స్టూడియోలో ఏడుపమ్మాయి అంటారు. ఏడవడం చేతకాని హీరోయిన్లందరికీ ఏడ్చిపెట్టేది ఆమే. పెళ్లి చెడిన ఏడుపు, మొగుడొదిలేసిన ఏడుపు, ఏ కారణమూ లేకుండా పాటకి ముందొచ్చే ఏడుపు, ఏది కావాలంటే అది. ఏడుస్తున్నంతసేపూ చేతిలో పెన్ను తిప్పుతూనే ఉండేది. మూడు సినిమాల పాటు సౌండు ఆమెను డబ్బింగు గది అద్దం ఇవతలి నుంచే చూశాడు, మైకులోనే మాట్లాడాడు.

"కొంచెం తగ్గించి ఏడవండి. చెవుల్లో వాన కురుస్తోంది," అనేవాడు.

"గొడుగు పట్టుకోండి," అనేది ఆమె, ముక్కు ఎగబీలుస్తూనే.

వందమంది ఒక్కసారి ఊపిరి తీసినా అందులో ఆమె ఊపిరి ఏదో చెప్పేస్తానని ఒకసారి గొప్పలు పోయాడు. అయితే పోలీసు శాఖలో చేరాల్సింది, ఇక్కడెందుకు ఉండిపోయారు, అని ఆమె అడిగింది. ఎందుకో చెప్పాలని అతని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ సినిమా డబ్బింగు చివరి రోజున చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాడు, ఆ రోజూ చెప్పలేకపోయాడు. ఆ మర్నాడు తెల్లవారుజామున ఆమె వాళ్లమ్మ పోయింది. ఆమె మళ్లీ స్టూడియో గుమ్మం తొక్కలేదు, అతను పంపిన మెసేజ్‌లకు జవాబివ్వలేదు.

అలాంటి మనిషి ఇప్పుడు సినిమా హాలు వరండాలో, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. సౌండు గబగబా దగ్గరికెళ్లాడు. పరామర్శించాలన్న సంగతి గుర్తుండి కూడా, మెచ్చుకోలు మీది ఆశ ముందు నోరు తెరిచింది.

"ఎలా ఉందండీ ఆ సీను?"

"ఆ ఊఁ ఎవరిది?" అందామె.

"మీదే కదా."

"కాదు. మా అమ్మది."

సౌండు ముఖంలో నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది, కానీ వెంటనే చెరిగిపోలేదు. ఆ పిచ్చి నవ్వుని తర్వాత ఎప్పుడు తల్చుకున్నా అతనికి తన మీద తనకే అసహ్యం వేసేది.

ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. డబ్బింగు గదిలోకి ఫోన్ తీసుకెళ్లకూడదన్నది నియమం. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉందని, ఆ రోజు సౌండే చూసీచూడనట్టు ఊరుకున్నాడు. ఆమె ఫోన్ ఎప్పుడో కిందపడి చెడిపోయింది, స్పీకరు పెడితే తప్ప వినపడదు. రెండు టేకుల మధ్య ఆసుపత్రికి ఫోన్ చేసి, తిన్నావా అని అడిగింది. అవతలి నుంచి అమ్మ ఊఁ అంది. అద్దం ఇవతల దర్శకుడూ సౌండూ ఏదో వాదించుకుంటున్నారు, రికార్డింగు మాత్రం నడుస్తూనే ఉంది.

రాక్షసి ఆ ఊయల దగ్గర గుండెలు బాదుకుని ఏడవాలని స్క్రిప్టులో ఉంది. ఆ ఏడుపు పండలేదు. వారం తర్వాత పనికిరాని ముక్కల్లో వెతుకుతుంటే సౌండుకి ఈ రెండు మాటలూ దొరికాయి. ఆమె సీను తనదైన పద్ధతిలో చెప్పి చూసుకుందనీ, ఆ ఊఁ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అందనీ అనుకున్నాడు.

"అనుమానమే రాలేదా మీకు?" అని అడిగింది ఆమె. "వందమందిలో నా ఊపిరి పట్టేస్తానన్నారు."

సౌండు అబద్ధం చెప్పగలిగేవాడే. ఎందుకో చెప్పలేదు.

"ఒక్క క్షణం వచ్చింది. దర్శకుడు అదిరిందన్నాడు. నాకూ అదిరిందనిపించింది. ఊరుకున్నాను."

ఆమె తలూపింది. "ఇంకో సంగతి వినండి. ఆ ఊఁ అబద్ధం. అప్పటికి రెండు రోజులుగా అమ్మ గొంతులోకి నీళ్లు కూడా దిగట్లేదట. నర్సు తర్వాత చెప్పింది. నేను నమ్మేసి, ఫోన్ బల్ల మీద బోర్లించి, మీ రాక్షసిలా ఏడవడానికి మైకు దగ్గరికెళ్లాను. మళ్లీ తిరిగి ఫోన్ తీసేసరికి కట్టయిపోయి ఉంది. తెల్లారేసరికి మనిషే లేదు."

కూతురు ఏడ్చిన ప్రతి సినిమాకీ మొదటి రోజు మ్యాట్నీకి వెళ్లడం ఆవిడకి అలవాటట. వెళ్లి, జనం కళ్లు తుడుచుకుంటుంటే తాను మాత్రం ముసిముసిగా నవ్వుకునేదట. ఈసారి ఆవిడ బదులు తానొచ్చానని చెప్పింది. తల్లి పోయాక తనకి ఏడుపు రాలేదనీ, ఒక్క బొట్టు కూడా రాలేదనీ, అందుకే పని మానేశాననీ చెప్పింది.

"దాన్ని తీసేయండి," అని వెళ్లిపోయింది.

సాయంత్రానికి సమీక్షలు వచ్చేశాయి. సినిమాని ఉతికి ఆరేశారు. అమ్మ పేరు చెప్పి రెండున్నర గంటలు హింసించారన్నారు. అందరూ మెచ్చుకున్నది ఒక్కటే, ఊయల్లోంచి వచ్చిన ఊఁ. ఒక పెద్ద సంస్థలో శబ్ద విభాగం చూసే ఆయన స్వయంగా ఫోన్ చేసి, అది చేసిన చెయ్యి నీదేనా, వచ్చి మా దగ్గర చేరతావా, అని అడిగాడు. పదేళ్లుగా సౌండు ఎదురుచూసిన ఫోన్ అది.

అతను దర్శకుడి గదికి వెళ్లేసరికి ఆయన కొత్త పోస్టరు రాయిస్తున్నాడు. ఊయల బొమ్మ వేసి, కింద పెద్దక్షరాలతో "ఊఁ అంటుంది, జాగ్రత్త" అని. అది చనిపోయినావిడ గొంతు, కూతుర్ని అడక్కుండా వాడుకున్నాం, తీసేయాలి, అని సౌండు చెప్పాడు. దర్శకుడు తల పట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. సినిమా మొదట్లో అమ్మకి అంకితం అని మనస్ఫూర్తిగా వేసుకున్నవాడే.

"నా సినిమాలో బతికున్నది అదొక్కటే. ఆ అమ్మాయిని నువ్వే ఒప్పించు," అన్నాడు.

"ఒప్పించనండి."

"అయితే నా తర్వాతి సినిమాకి రాకు."

సౌండు రెండు రోజులు కూర్చుని ఆ రెండు మాటలూ తీసేసి, మార్చిన ప్రతిని తానే హాళ్లకు పంపాడు. అది అందేలోపు చాలా హాళ్లలో సినిమానే ఎత్తేశారు. మిగిలిన ఒకటి రెండు చోట్ల రాక్షసి ఏమీ మాట్లాడకుండా ఊయల మీదికి వంగి, అలాగే లేచింది. పెద్ద సంస్థ ఆయనకి, అది నేను చేసింది కాదు, నేను దొంగిలించింది, అని చెప్పాడు. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు.

స్టూడియో ఖాళీ చేసే ముందు, అసలు రికార్డింగు ఆమెకి అప్పగించాలనుకున్నాడు. అప్పగించే ముందు పూర్తిగా విన్నాడు. ఇన్నాళ్లూ అతను ఊఁ దగ్గరే ఆపేశాడు, ఆ తర్వాత ఏముందో ఒక్కసారి కూడా వినలేదు.

ఊఁ తర్వాత బల్ల మీద ఫోన్ పెట్టిన చప్పుడు. అడుగులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న చప్పుడు. అప్పుడు చాలా సన్నగా, ఒక పెద్దావిడ గొంతు.

"నువ్వు తిన్నావా?"

చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్న మనిషికి అది వినిపించలేదు.

"ఏమే, నువ్వు తిన్నావా?"

అంతలో రాక్షసి ఏడుపు మొదలైంది, ఆ పండని ఏడుపు. దాని అడుగున, ఆయాసపడుతూ అదే గొంతు. "ఏడవకే. నాకేం కాలేదు. ఏడవకే నా తల్లీ." ఏడుపు ఆగేదాకా ఆ గొంతు అంటూనే ఉంది. ఆ తర్వాత ఫోన్ కట్టయింది.

ఎన్నో సినిమాల దొంగ ఏడుపులు విని నవ్వుకున్న ఆవిడ, ఆ ఒక్కసారి మాత్రం నిజమనుకుంది. ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఒంట్లో మిగిలిన కాస్త ఊపిరినీ కూతుర్ని ఊరడించడానికే ఖర్చుపెట్టింది.

ఏడుపు మొదలయ్యే చోట ఆపేస్తే చాలు. నువ్వు తిన్నావా అన్నదాకా ఇచ్చేస్తే ఆమెకి ఊరట. మిగతాది వింటే ఏమైపోతుందో. అతని వేలు అలవాటుగా కత్తిరించే మీట మీదికి వెళ్లింది. ఒకసారి ఆమెను అడక్కుండా కత్తిరించాడు కదా అని గుర్తొచ్చి, వేలు వెనక్కి తీసుకుని, వచ్చి రికార్డింగు తీసుకెళ్లమని ఆమెకి మెసేజ్ పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం వానలో తడుస్తూ వచ్చింది ఆమె. గొడుగు లేదు. తువ్వాలు అందిస్తే తీసుకుంది, తుడుచుకోలేదు.

"ఇందులో మీకు తెలియనిది ఉంది. వింటే హాయిగా ఉండదు. వినాలో వద్దో మీరే చెప్పండి," అన్నాడు సౌండు.

"ఏమైనా కత్తిరించారా?"

"లేదు."

ఆమె పాత చోటికే, అద్దం అవతలికి వెళ్లి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. సౌండు మీట నొక్కి తల దించుకున్నాడు. అటు చూడటానికి ధైర్యం చాలలేదు. ఎదురుగా చప్పుడు కొలిచే మీటరులో ఆమె ముందున్న మైకు తాలూకు ముల్లు మాత్రం కనిపిస్తోంది, గదిలో ఏ కాస్త అలికిడి అయినా లేచే ముల్లు. అది లేవలేదు. చాలాసేపటి తర్వాత తలెత్తి చూస్తే ఆమె రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, వంగిపోయి, భుజాలు అదిరిపోయేలా ఏడుస్తోంది. ఊళ్లకు ఊళ్లనే ఏడిపించిన గొంతులోంచి చప్పుడే రావడం లేదు.

మైకులో ఏదైనా అందామనుకున్నాడు. ఏడవకండి అనాలనిపించింది. ఆ మాట అనే హక్కున్న మనిషి అప్పటికే అనేసింది కాబట్టి ఊరుకున్నాడు. ఆమె ఇంకోసారి అని వేలు చూపించింది, వేశాడు. ఇంకోసారి చూపించింది, మళ్లీ వేశాడు.

వాన తగ్గుముఖం పట్టే వేళకి ఆమె బయటికొచ్చింది. కళ్లు వాచిపోయి, ముక్కు ఎర్రగా కందిపోయింది. మూడు సినిమాల్లో ఎన్నడూ ఇంత అధ్వాన్నంగా కనిపించలేదు. ఇద్దరి మధ్యా అద్దం లేకుండా ఇంత దగ్గరగా నిలబడటం కూడా అదే మొదలు.

"మిమ్మల్ని క్షమించానో లేదో నాకే తెలీదు," అంది.

"తెలిసినప్పుడే చెప్పండి."

"పని పోయిందటగా."

"పోయింది."

రికార్డింగు ఉన్న చిన్న డబ్బాని సంచిలో పెట్టుకుని, ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి, అతని ముఖంలోకి కాసేపు చూసింది.

"తిన్నారా?" అని అడిగింది.

పొద్దున్నుంచీ అతని కడుపులో ఏమీ పడలేదు. ఎవరడిగినా చెప్పే మాటే, ఊఁ, పెదాల దాకా వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపేశాడు.

"లేదు," అన్నాడు.

ఆమె తలుపు తెరిచి పట్టుకుంది.

"నేనూ తినలేదు. రండి."