ఎవడే గా ప్రసన్న?

కార్ఖానాలో బట్ట నేసే లూములు మూతబడ్డాక లస్మయ్యకు పని లేకుండా పోయింది. పని లేని మగవాడు ఇంట్లో ఎంత పని పెడతాడో కనకవ్వకు ఆ నాలుగు నెలల్లో బాగా తెలిసొచ్చింది.

ఆ రోజు పొద్దున కూడా అంతే. ఎనిమిది కాకముందే రెండు చాయలు తాగి, మూడోదాని కోసం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఊరికే నిలబడితే బాగుండేది. కుక్కర్ రబ్బరు సాగిపోయిందని తేల్చాడు. పప్పు డబ్బాలు పొట్టివన్నీ ముందుకూ, పొడుగువన్నీ వెనక్కీ జరిపాడు. ఫ్యాను రెక్కల్లో ఒకటి జర వంగిందని, గాలి అందుకే సరిగ్గా రావడం లేదని చెప్పాడు.

"ఓ మాస్టరూ, నీ లూములు ఎప్పుడు తెరుస్తరో నాకు తెల్వది గని, అప్పటిదాక నా వంటింట్ల మాస్టర్‌గిరి చెయ్యకు" అంది కనకవ్వ, గరిటె చూపించి.

లస్మయ్య సిరిసిల్ల పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో సూరత్ వచ్చినవాడు. ఆ పక్కనే ఉన్న జోల్వాలో లూములు బాగుచేసే మాస్టరుగా పేరు తెచ్చుకున్నాడు. ముప్పై తొమ్మిదేళ్ల ఆ చప్పుడులో చెవులు సగం పోయాయి. జూన్‌లో కార్ఖానా సగం తెరిచారు గానీ, శేఠ్ ఫోన్ చేసి "యాభై ఐదు దాటినవాళ్లు ఇప్పుడే రావద్దు మాస్టర్‌జీ, రోజులు బాగాలేవు" అన్నాడు. దాంతో లస్మయ్య ఆల్థాన్‌లోని తమ రెండు గదుల ఫ్లాటులో చిక్కుకుపోయాడు.

ఆ రెండు గదుల్లో ఒకటి కూతురు కరుణకు ఆఫీసైంది. ఆమె ముంబైలో పేటెంటు ఎగ్జామినర్. ఎవరైనా కొత్త యంత్రం కనిపెట్టామని దరఖాస్తు పెడితే, అది నిజంగా కొత్తదో కాదో తేల్చే ఉద్యోగం. మార్చిలో నాలుగు రోజులు ఉండిపోదామని వచ్చింది. లాక్‌డౌన్ పడి, జూలై వచ్చినా ఇక్కడే ఉంది. తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, పొద్దంతా ఇంగ్లీషులో మాట్లాడుతుంది. లస్మయ్య మాత్రం లిఫ్టులో కలిసిన ప్రతివాడికీ "దేశంల ఏ మిషిన్ వచ్చినా నా బిడ్డ పాస్ చెయ్యాలె" అని చెప్పుకునేవాడు.

మూడో చాయ దొరక్క, లస్మయ్య ఆ తలుపు ముందు నుంచి నడిచి వెళ్తూ ఆగాడు. లోపల కూతురు ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతోంది. ఆయనకు ఇంగ్లీషు అక్కడొకటి ఇక్కడొకటి మాట తప్ప రాదు. కానీ నాలుగు రోజులుగా ఒక పేరు మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. ఈ రోజూ వినిపించింది. లస్మయ్య నిశ్శబ్దంగా వెళ్లి స్టీలు గ్లాసు తెచ్చి, తలుపుకు ఆనించి, దానికి చెవి పెట్టాడు. ఐదు నిమిషాల తర్వాత వంటింట్లోకి పరుగెత్తాడు.

"కనకా! ఎవడే గా ప్రసన్న?"

"ఏ ప్రసన్న?"

"నీ బిడ్డ ఫోన్ల దినాం ఒకటే జపం. ప్రసన్నకు ఎర్కే, ప్రసన్న చేస్తడు, ప్రసన్న ట్రై చేస్తడు. గిప్పుడే పదకొండు సార్లన్నది. లెక్క వెట్టిన."

"నీకు నేను పిలిస్తేనే ఇనవడది, తలుపు ఎనుక మాట ఇనవడ్డదా?"

"గిలాస వెట్టి విన్న."

"థూ, సిగ్గు లేదా! కన్నబిడ్డ మాటలు గిలాస వెట్టి వింటవా?" అని కనకవ్వ చెంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్క క్షణం ఆలోచించింది. "ఏదీ, నీ గిలాస గిటు తే."

ఆమె తిరిగి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. ఆమెకూ ప్రసన్నే వినిపించాడు.

మామూలు రోజుల్లో అయితే ఇద్దరూ కొంత ఓపిక పట్టేవారేమో. కానీ వచ్చే ఆదివారమే కరుణకు పెళ్లిచూపులు. సిరిసిల్లలో ఉండే కనకవ్వ అక్క సారక్క, అక్కడే ఉండే సోమలింగం కొడుకు సంబంధం కుదిర్చింది. రోజులు బాగాలేవు కనుక చూపులు ఫోన్‌లోనే, వీడియోలో. దానికోసం కనకవ్వ పట్టుచీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది కూడా. ఇప్పుడీ ప్రసన్న ఎక్కడ దాపురించాడు?

కడుపులో మాట ఆగక కనకవ్వ అక్కకు ఫోన్ చేసింది.

"మనోడేనా?" అంది సారక్క మొదటి ప్రశ్నగా.

"తెల్వదక్కా."

"ఏం చేస్తడు?"

"బిరేకుల ముచ్చటనే మాట్లాడుతున్నరు. గాడీల కంపినిల చేస్తడనుకుంట."

"ఎవ్వలకు చెప్పకు చెల్లె. నేను సూసుకుంట" అంది సారక్క. ఎలా చూసుకుందో గానీ, సాయంత్రానికి ప్రసన్నకు ముంబైలో సొంత ఫ్లాటు వచ్చింది. మర్నాడు పొద్దుటికి ఆ ఫ్లాటులో మొదటి పెళ్లాం కూడా చేరింది. పదకొండు గంటలకు సోమలింగం నుంచి లస్మయ్యకు ఫోను: "బావా, ముందుగాలనే ఒక్క మాట చెప్తే అయిపోవు గదా. ఆదివారం మేము కూసోము."

లస్మయ్య ఫోన్ పెట్టేలోపే గది తలుపు ధడాలున తెరుచుకుంది. కరుణ చేతిలో ఫోను పట్టుకుని బయటికి వచ్చింది.

"పెద్దమ్మ మెసేజ్ పెట్టింది. 'ప్రసన్న ఫోటో పంపు బిడ్డా, మొదటి పెండ్లాం విడాకులు ఇచ్చిందా' అని. ఏందిది? ప్రసన్న ఎవరు?"

"మమ్ముల అడుగుతవేంది? మేమే నిన్ను అడగాలె" అన్నాడు లస్మయ్య, వీలైనంత గంభీరంగా.

"నాకెట్ల తెలుస్తది బాపూ?"

"నాలుగు దినాల సంది గా పిలగాని పేరే తీస్తున్నవ్. మేము విన్నం. గిలాస..." అని కనకవ్వ నాలుక కరుచుకుంది.

"గిలాసా?" కరుణ తలుపు వైపు, తల్లి చేతిలోని గ్లాసు వైపు మార్చి మార్చి చూసింది. "తలుపుకు గిలాస పెట్టి విన్నరా? అది సర్కారీ పని అమ్మా! ఎవ్వరూ వినొద్దు. నేను ముప్పై ఏండ్ల దాన్నైతున్న, నన్ను ఒక్క మాట అడగకుండ సిరిసిల్ల దాక చాటింపు చేసిన్రా? మీకు నా మీద గింతేనా నమ్మకం?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లస్మయ్య వెనక్కి తగ్గలేకపోయాడు. "నమ్మకం లేక కాదు బిడ్డా. వాడు మంచోడైతే మేము కాదంటమా? ఎవడో చెప్పు. 'ప్రసన్నకు ఎర్కే, ప్రసన్న ట్రై చేస్తడు' అని నువ్వే గదా అన్నది. స్కిల్లో గిల్లో, ఇంటిపేరు గూడ చెప్పినవ్."

కరుణ కళ్లు తుడుచుకుంది. "స్కిల్డ్ పర్సన్" అంది మెల్లగా.

"ఆఁ, గాడే! గాడే!" అన్నాడు లస్మయ్య.

కరుణ నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఏడుపు, నవ్వు కలిసిపోయి దగ్గు వచ్చింది. దగ్గు వినగానే ఆ రోజుల్లో అందరికీ గుండె ఆగేది కనుక కనకవ్వ నీళ్ల కోసం పరుగెత్తింది.

"ప్రసన్న కాదు బాపూ, పర్సన్! పర్సన్ అంటే మనిషి. పని తెలిసిన మనిషి. అసలు వాడు లేనే లేడు."

"లేడా?"

"కానూన్ల ఊహించుకున్న మనిషి. ఎవరన్న వచ్చి నేను కొత్తది కనిపెట్టిన అంటే, ఆ పని బాగ తెలిసిన మామూలు మాస్టర్ ముందల పెట్టినట్టు అనుకోవాలె. 'ఓస్, గింతేనా, నాకూ తోస్తది' అన్నడంటే పేటెంటు లేదు. వానికి తోచదంటేనే ఉంది. వానికి పనంత తెలుసు. పాత ముచ్చట్లన్నీ తెలుసు. చేతులు మంచిగ తిరిగినయ్. కని సొంతంగ ఒక్క కొత్త ఆలోచన రాదు. చెప్పింది చేస్తడు, గంతే."

కనకవ్వ హాయిగా ఊపిరి పీల్చుకుని, నవ్వుతూ అనేసింది: "అచ్చం మీ బాపు లెక్క!"

తల్లీ కూతురూ పగలబడి నవ్వారు. లస్మయ్య కూడా నవ్వాడు. కానీ ఆయన నవ్వు కొంచెం ముందే ఆగిపోయింది. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బాల్కనీలోకి వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నం సగం తిని లేచాడు. నాలుగైంది. ఐదైంది. కనకవ్వ గది తలుపు తోసి కూతురితో గుసగుసగా అంది: "మీ బాపు చాయ అడుగుతలేడు. నాలుగు నెలల్ల గిదే మొదటిసారి. నా నోటి దూలకు నన్నే అనాలె. జర పోయి చూడు బిడ్డా."

కరుణ చాయ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. లస్మయ్య కింద రోడ్డు వైపు చూస్తున్నాడు.

"అమ్మ ఊరికే అన్నది బాపూ."

"ఉన్న మాటే అన్నది. ముప్పై తొమ్మిదేండ్లు చేసిన. నా చేతి కింద ఒక్క లూము ఒక్క పూట కంటే ఎక్కువ బంద్ పడలే. గని గదంత ఉన్నదాన్ని నడిపిచ్చుడే. కొత్తగ ఒక్కటి నాకు తోచిందంటవా?" చాయ అందుకుని, తాగకుండా పట్టుకున్నాడు. "ఇంతకు గా బిరేకుల ముచ్చట ఏంది? చూడొచ్చునా, చూడొద్దా?"

కరుణ ఆలోచించింది. దరఖాస్తు అప్పటికే అచ్చయి, వెబ్‌సైటులో అందరికీ కనిపించేదే. బొమ్మ చూపిస్తే తప్పు లేదు. ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. చిన్న టెంపోల బ్రేకుల కోసం ఎవరో చేసిన కరెంటు వాల్వు అది. కరెంటు వస్తే తీగచుట్ట అయస్కాంతమై లోపలి ఇనుప కడ్డీని పైకి లాగుతుంది, కరెంటు ఆగితే స్ప్రింగు కిందికి నెడుతుంది.

లస్మయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. "గిది నాకెర్కే! గాలితోని నడిచే లూములకు గిసోంటియే ఉంటయ్. నూలును గాలి కొట్టేతందుకు." వేలిని తెర మీద జరుపుతూ వెళ్లి ఒకచోట ఆగాడు. "కడ్డీకి గీ వాలు గీతలెందుకు?"

"కడ్డీకి చెక్కిన సన్నటి గాట్లవి. బ్రేక్ ఆయిల్ వాటిల నుంచి పారితే కడ్డీ కొట్టినప్పుడల్లా జరంత తిరుగుతదట. ఒకే దిక్కు అరిగిపోయి, ఇరుక్కొని పట్టెయ్యదట. పట్టేస్తే బ్రేక్ పడదు గదా. ఇది సులువే బాపూ. ఒక పాత పేటెంటు కాగితంల ఇదే వాల్వు ఉంది. ఇంకో దాంట్ల ఏదో పంపుకు ఇసోంటి గీతలే ఉన్నయ్. రెండూ కలిపితే అయిపాయె. అందుకే చెల్లదని రాస్తున్న."

లస్మయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. తర్వాత కుడిచేతి బొటనవేలు కూతురికి చూపించాడు. గోరు పక్కన నల్లగా కాయకాచి ఉంది.

"గిది ఎట్లయిందో ఎర్కేనా? జోల్వాల మా లూములకు గీ వాల్వులు వందల మీద ఉంటయ్. పదిహేను దినాలకు ఒక్కటన్న పట్టేస్తది. ఎప్పుడు చూసినా ఒక్క దిక్కే అరుగుతది. ఇప్పి, కడిగి, కడ్డీని గింత పక్కకు తిప్పి మళ్ల పెడుత. ఇరవై ఏండ్లు చేత్తో తిప్పిన బిడ్డా. వేల సార్లు తిప్పిన. దాన్నే తిరిగేటట్టు చెయ్యాలని ఒక్కనాడు తోచలే."

"ఒక్కసారి కూడానా?"

"లే. నాకే కాదు, నా కంటే పెద్ద మాస్టర్లకూ తోచలే. జవాబు చూసినంక లెక్క సులువే ఉంటది. గా పని తెలిసిన మనిషిని నేనే అనుకో. నా ముందల పెట్టినవ్ గదా? రాసుకో మరి. లస్మయ్యకు తోచలే."

ఆయన గొంతులో కోపం లేదు. అదే కరుణను ఎక్కువ బాధపెట్టింది. నాలుగు రోజులుగా ఆ మనిషి పేరు మీద ఆమె అవలీలగా మాట్లాడుతోంది. వాడికి తెలుసు, వాడు చేసేస్తాడు అని. వాడు తలుపు అవతలే ఉన్నాడని, వాడి వేలికి కాయ ఉందని ఆమెకు తట్టలేదు.

"నువ్వు చెప్పినవని నేను రాయలేను బాపూ" అంది. "కని మళ్ల చదువుత."

ఆ సాయంత్రమంతా చదివింది. పాత పంపులో గీతలు నూనె నిలవడానికే. కడ్డీ తిరగాలని అందులో ఎక్కడా లేదు. ఇంకా వెతికింది, దొరకలేదు. జవాబు ముందే తెలుసు కనుక తానే రెండు కాగితాలను కుట్టేసిందని ఆమెకు అర్థమైంది. మర్నాడు పై అధికారికి ఫోన్ చేసి, ఆ అభ్యంతరం నిలబడదని, తానే తొందరపడ్డానని చెప్పింది.

సారక్కను సముదాయించడం దానికంటే కష్టమైంది.

"అక్కా, ప్రసన్న లేడు" అంది కనకవ్వ.

"లేడంటే? అయ్యో దేవుడా! కరోనానా?"

ఆమెకు విషయం ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. సోమలింగం కొడుకు మాత్రం విని నవ్వాడట. ఆపై ఆదివారం వీడియోలో కూర్చున్నప్పుడు, ముందుగా పేటెంటంటే ఏమిటో చెప్పమన్నాడు. కరుణ ముప్పావు గంట చెప్పింది. పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కనకవ్వకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కడుపు నిండింది.

దీపావళి వెళ్లాక లస్మయ్యను శేఠ్ మళ్లీ పనిలోకి పిలిచాడు. ఒక శుక్రవారం ఆయన జోల్వా నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా, ఇంకా ఇంటి నుంచే పని చేస్తున్న కరుణ ల్యాప్‌టాప్‌తో ఎదురొచ్చింది. ఇన్నాళ్లూ ఆ వాల్వు ఏమైందని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఇయ్యాల పేటెంట్ల జర్నల్‌ల వచ్చింది బాపూ, ఇగ చెప్పొచ్చు. పేటెంటు దొరికింది."

లస్మయ్య తడి చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చాడు. "ఎవరు వాడు? పేరు చదువు."

"రాంప్రసాద్. ఏదో చిన్న టౌన్ల టెంపోల మెకానిక్. ఒక్కని పేరే ఉంది."

"కంపినోడు కాదా?"

"కాదు. చిన్న రిపేరు షెడ్డే."

లస్మయ్య ఆ పేరు వంక చూస్తూ అలాగే నిలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తడి లేకపోయినా మళ్లీ తుడుచుకున్నాడు.

"ఏందయ్యా, ముక్కు మొహం తెల్వనోని కోసం కండ్లల్ల నీళ్లేంది?" అంది కనకవ్వ.

"నాకు తోచకపోతేంది కనకా" అన్నాడు లస్మయ్య. "మనసోంటోనికే తోచింది గదా."

కరుణ కాయకాచిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, విడిచిపెట్టకుండా చాలాసేపు ఆయన పక్కనే నిలబడింది.