దిబ్బ లోపలి తడి

"వాన పడలేదమ్మా! చినుకు కూడా రాలలే. మరి దిబ్బ ఎట్ల జారుతుంది?"

మార్కాపురం ప్రైవేట్ డిటెక్టివ్ జాహ్నవి ఆఫీసులోకి వస్తూనే శేషమ్మ అడిగిన మాట ఇది. ముందురోజు సాయంత్రం పలకల క్వారీ పక్కనున్న రాతి తుక్కు దిబ్బ జారి, ఆమె గొర్రెల దొడ్డి మీద పడింది. చాలా గొర్రెలు చచ్చిపోయాయి. భర్త కొండయ్య కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఆ దొడ్డి ఉన్న నేల ఎవరికైనా కావాల్నా?" జాహ్నవి అడిగింది.

"క్వారీ ఓనరు గోవర్ధన్ అడుగుతానే ఉన్నాడు. మా ఆయనకు, ఆయన అన్న కృష్ణయ్య బావకు కలిసున్న నేల. మా ఆయన అమ్మనన్నాడు. ఆ క్వారీలో నీళ్లు తోడే మోటారు నడిపేది మా బావే. దేవుడి దయ, ఆయన మేకలన్నా బతికినాయి. మధ్యాహ్నమే అవతలి గట్టుకు తోలినాడంట."

జాహ్నవి లేచింది. అసిస్టెంట్ పవన్ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు.

శేషమ్మతో కలిసి క్వారీకి చేరగానే జాహ్నవి ముందు మనుషుల్ని చూడలేదు, దిబ్బను చూసింది. జారగా మిగిలిన అంచులో గడ్డపారతో గుంట తవ్వించింది. పైన ఎండిన రాళ్లు. మోచేయి లోతున మాత్రం మెత్తటి బూడిదరంగు బురద, వేళ్ల మధ్య జారిపోయేంత తడి.

"పైన ఇంత బరువు, కింద ఈ బురద. నిలబడుతుందా పవన్?"

"నిలబడదక్కా! కానీ ఈ నీళ్లెక్కడివి?"

ఆమె క్వారీ నీళ్లు పోయే కాలువ దాకా నడిచింది. కాలువలో మట్టి ఎండి నెర్రెలు విచ్చింది.

తర్వాత రోడ్డు మీద క్వారీవాళ్లందర్నీ నిలబెట్టింది.

"ఎండకు రాళ్లు వదులై జారింటాయి మేడం," అన్నాడు గోవర్ధన్.

"నేను తుక్కు పోసేది అంచుకు దూరంగానే అక్కా," అన్నాడు ట్రాక్టరు డ్రైవరు నరేష్.

"మోటారు రోజూ నడుస్తాదా?" కృష్ణయ్యను అడిగింది.

"రోజూ నడపాల్సిందేనమ్మా. గుంతలో ఊట. నీళ్లన్నీ కాలువలోకే తోలతా."

"కాలువ ఎండిపోయి ఉంది కృష్ణయ్యగారూ. నీళ్లు దిబ్బ పైకి పోయినాయి. పైపు మీ చేతిలో ఉంది. దొడ్డి పోతే తమ్ముడు కూడా నేల అమ్మకానికి సంతకం పెడతాడని అనుకున్నారు. దిబ్బ జారుతుందని ముందే తెలిసింది మీకొక్కరికే. అందుకే మేకల్ని అవతలికి తోలినారు."

కృష్ణయ్య మొహం పాలిపోయింది. "గొర్రెలే పోతాయనుకున్నా. వాడు లోపల ఉన్నాడని తెలియదమ్మా..."

శేషమ్మ ముందుకొచ్చింది. "మేకల్ని పిలుచుకున్నోడివి, తమ్ముణ్ణి ఒక్క కేక వేసింటే ఏం పోయేది బావా?"

జాహ్నవి మోటారు వైపు చూసింది. అది ఇంకా నడుస్తూనే ఉంది!

"పైపు ఇప్పుడెక్కడుంది?"

"అందరూ ఇటు చూడ్డానికొస్తారని... రాత్రే ఉత్తరం పక్కనున్న ఇంకో దిబ్బ మీదికి జరిపినా."

ఆ దిబ్బ కిందే పలకలు కోసే షెడ్డు ఉంది. లోపల గురవమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు పనిలో ఉన్నారు.

"పవన్, మోటారు ఆపు!" అంటూనే ఆమె పరుగెత్తింది. వెనకే నరేష్, గోవర్ధన్. అందరికంటే ముందు కృష్ణయ్య.

"గురవమ్మా, బయటికి రాండి! అందరూ రాండి!" అని కృష్ణయ్య కేకలేశాడు.

రంపం చప్పుడులో మొదట ఎవరికీ వినపడలేదు. అతనే లోపలికి దూరి ఒక్కొక్కర్నీ రెక్క పట్టి బయటికి తోశాడు. చివరగా గురవమ్మను లాక్కుని వస్తుండగా పైన రాళ్లు గలగలమన్నాయి. వాళ్లు రోడ్డెక్కారో లేదో, దిబ్బ అంతా ఒక్క పెట్టున కిందికి దిగింది. రేకుల షెడ్డు దాని కింద అణిగిపోయింది.

బూడిదరంగు దుమ్ములో గురవమ్మ చెప్తుంటే జాహ్నవి ఒక్కొక్కరి పేరు పిలిచింది. అందరూ పలికారు. పవన్ ఆనందం పట్టలేక గట్టిగా అరిచేశాడు.

కృష్ణయ్య పారిపోలేదు. రోడ్డు పక్కన కూలబడి రొప్పుతూ అన్నాడు:

"ఎస్సైకి ఫోన్ చెయ్యమ్మా. నేను ఈడనే ఉంటా."