తువ్వాలు వేసిన కుర్చీ

పరాయి ఊళ్లో మంచితనం చూపించడానికి కూడా కాస్త లోకజ్ఞానం కావాలి. అదొక్కటీ తెచ్చుకోకుండా మహీధర్ సింగపూర్‌లో దిగి తొమ్మిది రోజులైంది.

పాయా లేబర్‌లో అతని ఆఫీసు పక్కనే హాకర్ సెంటర్, అంటే చుట్టూ తిండి కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. మధ్యాహ్నం పన్నెండున్నరకి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. అంత జనంలోనూ ఒక బల్ల ఖాళీగా కనబడింది. బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. పాపం ఎవరో మరిచిపోయారనుకుని, అందులోంచి రెండు కాగితాలు లాగి, బల్ల శుభ్రంగా తుడిచి, దర్జాగా కూర్చుని ఫ్రైడ్ రైస్ మొదలుపెట్టాడు.

“ఎక్స్‌క్యూజ్ మీ, ఐ చోప్ ఆల్రెడీ లా!”

తలెత్తాడు. చేతిలో నూడుల్స్ ప్లేటు, భుజాన పుస్తకాల సంచి, ముక్కు మీద కళ్లజోడు, దాని వెనక నిప్పులు కురిసే కళ్లు.

“ఇదేం గొడవరా బాబూ,” అని గొణుక్కున్నాడు.

“గొడవ కాదు. ఆ టిష్యూ నాది. సో టేబుల్ కూడా నాదే,” అంది ఆ అమ్మాయి తెలుగులో.

మహీధర్‌కి పొలమారింది. ఆమె కోపంగానే తన మంచినీళ్ల సీసా ముందుకు తోసింది.

“అయ్యబాబోయ్, మీరు తెలుగా అండి? ఎవరో మర్చిపోయారనుకున్నానండి.”

“మర్చిపోవడం ఏంటి? ఇక్కడ టిష్యూ పెడితే సీటు తీసుకున్నట్టు. అదే చోప్ చెయ్యడం. ఎవ్రీబడీ నోస్.”

“ఓస్, అంతేనా! మా అమలాపురంలో బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు మనదేనండి. దాన్ని తీసేసి కూర్చున్నవాడికి ఆ రోజు మూడినట్టే.”

“అయితే ఈరోజు మీకు మూడిందా?”

“మూడిందండి. టిష్యూతో బల్ల కూడా తుడిచేశాను కదా.”

తిడుతుందనుకుంటే, ఆమె ఎదురుగా కూర్చుని నోటుబుక్కు తీసింది. “ఆ తువ్వాలు సంగతి మళ్లీ చెప్పండి. స్లోగా.”

ఆమె పేరు కీర్తిక. పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే, యీషున్‌లో. మాట చివర ఆ ‘లా’ ఇక్కడి అలవాటే. చేస్తున్నది పీహెచ్‌డీ. దేని మీదని అడిగి మహీధర్ చెంచా కింద పెట్టేశాడు.

“సెవెన్ హండ్రెడ్ ఇయర్స్ కిందట యూరప్‌లో పండితులు ఉండేవాళ్లు. నోటితో మాట్లాడే భాషలు ఊరికొకటి, వాటి కింద మనసులో ఇంకో భాష ఉంది అన్నారు. అది ఎవరి భాషా కాదు, అందరిదీ. వైన్ అమ్మే కొట్టు ముందు పీపాకి బిగించే కడియం వేలాడదీసేవాళ్లట. లోపల వైన్ ఉందని అది ఊరు పెట్టుకున్న గుర్తు. మాటలూ అంతే. కానీ వైన్ అనే తలపు ఎవరూ పెట్టుకున్నది కాదు.”

“ఇక్కడ టిష్యూ, మాకు తువ్వాలు. లోపల మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ‘ఇది నాది, లెగవయ్యా’ అని. అంతేనాండి?”

కీర్తిక పకపకా నవ్వింది. “సిక్స్ మంత్స్‌గా మా ప్రొఫెసర్‌కి చెప్పలేకపోయాను. మీరు టూ మినిట్స్‌లో చెప్పేశారు!”

పక్క వీధి ట్యూషన్ సెంటర్లో మంగళ, గురువారాలు ఆమె పిల్లలకి పాఠాలు చెప్పేది. ఆ రెండు రోజులూ ఆ బల్ల ఇద్దరిదైంది. తన తెలుగు విని చుట్టాల పిల్లలు నవ్వారని కీర్తిక ఇంటి బయట తెలుగు మానేసిందట. మహీధర్ నవ్వేవాడు కాదు. ఆమె మాట కోసం తడుముకుంటే, అందించకుండా, అది దొరికేదాకా ఓపికగా చూసేవాడు. ఎవరూ లేని ఊళ్లో వారానికి రెండు భోజనాలు మిగతా అయిదు రోజుల్నీ మోసేవి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతని మనసు కృతజ్ఞతతో నిండిపోయేది.

ఏడు నెలలు గడిచాయి. ఒక గురువారం కీర్తిక ప్లేటు ముట్టుకోకుండా అంది. “థీసిస్ ఇచ్చేశాను. బెల్జియంలో టూ ఇయర్స్ జాబ్ ఇస్తామన్నారు. వచ్చే గురువారం లోపల ఆన్సర్ చెప్పాలి.”

అని అతని వైపే చూసింది. వెళ్లినా నీకోసం కాచుకుంటానని మహీధర్ మనసు గొంతెత్తి అరిచింది. నోరు మాత్రం, “కంగ్రాట్సండి!” అంది.

“అంతేనా?”

“అంతేనండి.”

మనసు భాష మీద అంత పుస్తకం రాసిన మనిషికి తన మనసు వినబడకపోతుందా అని ఆ బుద్ధిమంతుడి ధీమా. మంగళవారం ఆమె రాలేదు. మెసేజ్ రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపాడు.

గురువారం మీటింగు ఎంతకీ తెమల్లేదు. ఒంటిగంటన్నరకి బయటపడేసరికి కుండపోత వాన. గొడుగు కోసం కూడా ఆగకుండా పరిగెత్తాడు. ఈపాటికి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాడు.

కీర్తిక ఉంది. ఎదుటి కుర్చీ మీద ఎర్రగళ్ల తువ్వాలు పరిచి ఉంది. ట్రే పట్టుకున్న ఒక చైనీస్ పెద్దాయన దాన్ని వింతగా చూస్తున్నాడు.

“సారీ అంకుల్, దిస్ ఈజ్ ఆల్సో చోప్!” అంటోంది కీర్తిక.

తన ఊరి గుర్తుతో తనకోసం ఎవరో కుర్చీ ఆపారు. మహీధర్‌కి కళ్లు చెమర్చాయి. మొహమంతా వాన నీళ్లు కాబట్టి పరువు దక్కింది.

కూర్చోగానే ఆమె ఒక కాగితం ముందుంచింది. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ అది. అంతా ఇంగ్లీషే. చివర ఒక్క ముక్క తెలుగులో ఉంది. ‘నేను మాట వెతుక్కుంటున్నంతసేపూ కాచుకున్న మహీధర్ గారికి.’

“నేను చెప్పేశాను. ఇక మీ టర్న్. దేవదూతలు మనసులో అనుకుంటే చాలు, అవతలివాళ్లకి తెలిసిపోతుందని ఆ పండితులు రాశారు. మనుషులకి ఆ ఫెసిలిటీ లేదు లా. నోరు తెరవాలి.”

మహీధర్ నోరు తెరిచాడు. “మీరంటే నాకిష్టమండి. మీరు బెల్జియం వెళ్లాలండి. రెండేళ్లూ ఈ కుర్చీకి తువ్వాలేసి కూచుంటాను. ఈ ఊళ్లో నాకు దొరికిన మొదటి మనిషి మీరు. థాంక్సండి.”

“ప్రపోజ్ చేసి థాంక్స్ చెప్పేవాళ్లని ఫస్ట్ టైమ్ చూస్తున్నా,” అంది కీర్తిక. కళ్లజోడు తీసి తుడుచుకుంది. “వెళ్తాను. వస్తాను కూడా. ముందు తల తుడుచుకోండి.”

అతను తువ్వాలు అందుకోబోయాడు.

“నో నో, దాంతో కాదు! అది నాన్నది. పొద్దున్నించి ఇల్లంతా వెతుకుతున్నారు. నేనే తీశానని, ఎవరికోసమో కూడా అమ్మకి తెలుసు. సండే భోజనానికి వచ్చి మీరే ఇవ్వాలట.”

మహీధర్ తువ్వాలుని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. బల్ల మీద ఎప్పటిలాగే టిష్యూ ప్యాకెట్ ఉంది.

“రెండు తీసుకోవచ్చాండి?” అని ఈసారి అడిగి తీసుకున్నాడు.