జింకు సెంటు

టెక్కలిలో పాత నాణేలు సేకరించే సుందరరామయ్యను పట్టపగలు ఆయన ఇంట్లోనే కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్. బీరువాలో వెండి రూపాయలు అలాగే ఉన్నాయి. పోయింది ఒక్కటే: యుద్ధకాలంలో చిల్లర కరువై, ఫ్రెంచివాళ్లు తమ ఇండోచైనా వలసలో హడావుడిగా కొట్టించిన జింకు సెంటు.

"అమ్మితే కప్పు టీ కూడా రాదు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ ఫోన్లో. "కానీ అది నకిలీ, ఫణీ. హాలో కాయిన్, డొల్ల నాణెం. లోపల మైక్రోచిప్, అందులో మన కోస్టల్ రాడార్ల లొకేషన్లు. విదేశీ ముఠా నుంచి పొరపాటున చేయిజారి ఆయనకు చేరింది. అనుమానం వచ్చి మనకు ఫోన్ చేశాడు. మనకంటే ముందు వాళ్లు వెళ్లారు."

"మానస?"

"పలాసలో ఉంది. ముఠాలో మన మనిషి. అని అనుకుంటున్నాం."

నాణేల వ్యాపారి వేషంలో ఏజెంట్ ఫణిశంకర్ పలాస లాడ్జిలో తలుపు తట్టాడు. నల్లకళ్లద్దాలు, ఎర్రచీర. మానస తలుపు తీసింది.

"జీడిపప్పు ఉందా?"

"వేయించింది లేదు."

కోడ్ సరిపోయింది.

"లేటయ్యావు. కాయిన్ రైల్లో ఇచ్ఛాపురం వెళ్లిపోయింది. ఒడిశా బోర్డర్ దాటకముందే పట్టుకో."

ఆమె చెప్పులకు తడి ఇసుక అంటుకొని ఉంది. పలాసలో సముద్రం లేదు.

ఫణి ఆమె చేతికి బేడీ వేసి మంచానికి తగిలించాడు. "ఏ ఊరి ఇసుక?"

మానస నవ్వింది. పిస్టల్ చూసి నవ్వు ఆపింది. "వజ్రపుకొత్తూరు. యువరాజని ఒక జాలరి చేతికిచ్చాను. నువ్వు అందుకోలేవు."

కోస్ట్‌గార్డ్‌కు ఫోన్ చేస్తూనే ఫణి జీపు తోలాడు. ఒడ్డుకు చేరేసరికి యువరాజు పడవను అలల్లోకి నెట్టి ఎక్కుతున్నాడు. దూరంగా జెండా లేని ట్రాలర్. దాన్నుంచి ఒక స్పీడ్‌బోట్ దూసుకొస్తోంది. ఫణి నీళ్లలోకి ఉరికాడు. ఒక అల పిస్టల్‌ను లాక్కుపోయింది. ఎలాగో పడవ అంచు అందుకున్నాడు.

"ఆ బిళ్ళ ఇటివ్వు!"

"సెయ్యి తియ్యి బాబూ! మా ఆడది అమ్ములుకి డయాలసిస్ సేత్తన్నారు. దాంతో ఇంక పేనం ఆగదు. ఇదిత్తే కిడ్నీ ఏయిత్తామన్నారు."

"దీని కోసం ఇప్పటికే ఒకాయన్ని చంపారు. నిన్నూ చంపుతారు."

"అదెలాగా సచ్చిపోతంది. నానుండేటి సేత్తాను? మీరేయిత్తారా?"

స్పీడ్‌బోట్ పక్కకొచ్చింది. అందులోని మనిషి చెయ్యి చాపాడు.

"వేయిస్తాను," అన్నాడు ఫణి. "నా మాట."

యువరాజు అతని ముఖంలోకి చూశాడు. ఆసుపత్రుల్లో ఎందరి ముఖాల్లోకో అలాగే చూసి ఉంటాడు. జింకు సెంటును ఫణి గుప్పిట్లో పెట్టేశాడు. పైన హెలికాప్టర్ మోత వినబడింది. స్పీడ్‌బోట్ వెనక్కి తిరిగింది.

ఫణి ఇచ్చిన మాట భార్యకు చెబుతున్న యువరాజును ఒడ్డున పోలీసులు జీపెక్కించారు. వాచిన కాళ్లతో ఇసుకలో కూర్చున్న అమ్ములు ఫణిని పిలిచింది.

"ఆపరేసన్ ఎప్పుడు బాబూ?"

"కబురు చేస్తాను," అని అతను తల తిప్పుకున్నాడు.

తర్వాత చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"ఆ ఆపరేషన్ సంగతి, సార్..."

"మన దగ్గర అలాంటి ఫండ్ లేదు. ఇంతకీ వాణ్ని ఎలా ఒప్పించావు?"

"అబద్ధం చెప్పాను."

"రిపోర్టులో అలా రాయకు," అన్నాడు చీఫ్. "వృత్తి నేర్పు, ట్రేడ్‌క్రాఫ్ట్ అని రాయి."