వీడియో పాఠంలో హత్య

ప్రొఫెసర్ వెంకటేశ్వర్‌రావు పాఠం చెబుతూ చచ్చిపోయాడు. కెమెరా ఆగలేదు.

1987. కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీ. ఊళ్లల్లో కాలేజీలకు టీవీ పాఠాలు అందాలని అక్కడి కంప్యూటర్ గదినే స్టూడియోగా మార్చిన మనిషి ఆయన. "కంప్యూటర్‌కు బుర్ర లేదు. మనం చెప్పిందే చేస్తుంది" అన్నాడు. గ్లాసెత్తి నీళ్లు తాగాడు. తర్వాతి వాక్యం రాలేదు.

ఢిల్లీలో గూఢచారి సంస్థ చీఫ్ టేపు ఆపాడు.

"సైనైడ్. గ్లాసు తెచ్చింది బుచ్చవ్వ అనే స్వీపర్. లాకప్‌లో ఉంది. గ్లాసు ప్రమోదిని మేడం ఇచ్చిందని ఒకటే పాట."

"ప్రమోదిని ఎవరు?" ఏజెంట్ దేవదాస్ అడిగాడు.

"అక్కడి లెక్చరర్. అందగత్తె. మన మనిషి. వీడియో ట్రైనింగ్ ఇస్తానని వచ్చిన విదేశీయుడు హార్డింగ్ మీద కన్నేసి ఉంచమని మనమే పెట్టాం. ఆమెను వదిలెయ్."

దేవదాస్ టేపు మళ్లీ వేశాడు. ప్రొఫెసర్ వెనకాల గుమ్మం కనిపిస్తోంది. గుమ్మం బయట చెప్పుల వరుస. దుమ్ము పడితే కంప్యూటర్ పాడవుతుందని ఆ గదిలోకి ఎవరూ చెప్పులతో రారు. అది ప్రొఫెసర్ నియమం. గుడికి కూడా అంత నిష్ఠ ఉండదు.

ఆయన కూలగానే ప్రిన్సిపాల్ బూట్లతో ఉరికి వచ్చాడు. క్లర్కు బురద చెప్పులతో వచ్చాడు. బుచ్చవ్వ ఒక కాలికే చెప్పుతో వచ్చింది. ప్రమోదిని గుమ్మం దగ్గర ఆగింది. వంగి, శాండిల్స్ బకిళ్లు రెండూ విప్పి, పక్కన పెట్టి, లోపలికి వచ్చి అప్పుడు ఏడ్చింది.

"ఆమెకు తొందర లేదు" అన్నాడు దేవదాస్. "ఆయన బతకడని తెలుసు."

చీఫ్ సిగరెట్ ఆర్పాడు. "చనిపోయే ముందు రోజు ఆయన ఒక షూటింగ్ రద్దు చేశాడు. నస్పూర్ బొగ్గు గనిలో ఫ్యాన్ హౌస్ సీను. హార్డింగ్ పట్టుబట్టి అడిగిన సీను. ఇప్పుడు స్టూడియో ఇన్‌చార్జి ప్రమోదిని. శుక్రవారం షూటింగ్ ఉందట." టేపు బయటికి తీశాడు. "బుచ్చవ్వను విడిపించాలి."

"వద్దు. ఆమె లోపలుంటేనే ప్రమోదిని నిశ్చింతగా నస్పూర్ వస్తుంది."

"దెబ్బలు పడతాయి."

"పడనివ్వండి."

బుధవారం దేవదాస్ కాంపౌండర్ వేషంలో ఠాణాకు వెళ్లాడు. ఎస్సై జలపతిరావు లాఠీ తుడుచుకుంటున్నాడు.

"ఏం ముసల్దానా, ఇంకా మేడమేనా?"

"మేడమే సారూ. నూరు సార్లడిగినా గదే. అబద్ధమైతే నాకు గన్ని సార్లు యాదుండదు."

దేవదాస్ ఆమె అరికాళ్లకు మందు రాశాడు. "పిల్లలున్నరా అవ్వా?"

"ఒక్కడే. అంజన్న. నస్పూర్ల బొగ్గుబాయి పని. వానికి జెప్పకు బిడ్డా, పరేషానైతడు." ఆమె అతని ముఖంలోకి చూసింది. "నువ్వన్న నమ్ముతవా?"

దేవదాస్ దూది పారేశాడు. సీసా మూత బిగించాడు. వెళ్లిపోయాడు.

శుక్రవారం నస్పూర్. దేవదాస్ ఇప్పుడు లైట్‌మన్. జేబులోని లైట్ మీటర్‌లో వైర్‌లెస్, లైట్ స్టాండ్ గొట్టంలో పిస్టల్.

మీటర్‌లో చీఫ్ గొంతు సంకేతవాక్యం గొణిగింది. "బొగ్గు చల్లారిందా?"

"మండుతోంది" అన్నాడు.

ఫ్యాన్ హౌస్ గోడలు వణుకుతున్నాయి. గనికి ఊపిరి ఆ ఫ్యానే. అది ఆగితే కింద గ్యాస్ నిండుతుంది. మొదటి షిఫ్టులో నాలుగు వందల పన్నెండు మంది దిగి ఉన్నారు. ప్రమోదిని నల్ల కళ్లద్దాలతో, పట్టు చీరలో కార్మికులకు పాఠం గురించి చెబుతోంది. హార్డింగ్ కెమెరా కన్నా బ్యాటరీ పెట్టెను జాగ్రత్తగా చూస్తున్నాడు. దాన్ని మోస్తున్న కార్మికుడు నవ్వుతున్నాడు.

"సారూ, టీవీల మా అవ్వకు కనవడుతనా?"

"పేరేంది?"

"అంజన్న."

దేవదాస్ ముఖం తిప్పుకున్నాడు. "మేడం, ఇక్కడ కరెంటున్నది గదా. బ్యాటరీ ఎందుకు?"

హార్డింగ్ చెయ్యి కోటులోకి పోయింది. గొట్టం పేలింది. హార్డింగ్ పడ్డాడు. అంజన్న తప్ప కార్మికులంతా బయటికి ఉరికారు. ఫ్యాన్ హోరులో ఆ చప్పుడు పక్క గదికి కూడా వినిపించలేదు.

ప్రమోదిని కళ్లద్దాలు తీసింది. "చీఫ్ పంపిండ్రా? మనిద్దరిదీ ఒకే పక్క."

"మీకెన్ని పక్కలున్నయి మేడం?"

పెట్టె మూత తెరిచాడు. లోపల బాంబు, దాని మీద గడియారం. తొంభై సెకన్లు.

"ఎట్ల ఆపాలె?"

"నాకు తెల్వది. హార్డింగ్‌కే తెలుసు."

దేవదాస్ బేడీల్లో ఒకటి ఆమె మణికట్టుకు, ఒకటి పెట్టె పిడికి వేశాడు. తాళంచెవి ఫ్యాన్ గోతిలోకి విసిరేశాడు. అంజన్న భుజం పట్టుకుని నడిచాడు.

"ఆగు! నిజంగ తెల్వది!"

అతను వెనక్కి చూడలేదు. తలుపు దాకా ఇరవై ఆరు అడుగులు. లెక్కపెట్టాడు. బయట నిలబడి గడియారం చూసుకున్నాడు. ముప్పై. ఇరవై. పది.

ఏమీ పేలలేదు.

లోపలికి వెళ్లేసరికి ప్రమోదిని నేల మీద కూర్చుని ఉంది. గోళ్లు విరిగి రక్తం. గడియారం ఏడు దగ్గర ఆగింది.

"నాకు తెల్వకపోతే?" అంది.

"గనితో పాటు మీరూ."

"నన్ను గట్ల వదిలేస్తుంటివా?"

"బుచ్చవ్వనే వదిలేసిన. మీరెంత?"

గుమ్మంలో నిలబడ్డ అంజన్న తన తల్లి పేరు విన్నాడు.

శనివారం ఠాణాలో జలపతిరావు టైపు చేసిన కాగితం, ఇంకు డబ్బా బల్ల మీద పెట్టాడు. బుచ్చవ్వ కొడుకు భుజం ఆనుకుని నిలబడింది. ఆమె దేవదాస్‌ను గుర్తుపట్టింది.

"నువ్వు కాంపౌండరువు కాదు."

"కాదు."

"గా కాయితం చదువు."

దేవదాస్ చదివాడు. "ఠాణాలో నన్ను మర్యాదగా చూసుకున్నారు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు."

"నేను జేయలేదని నీకెప్పుడెరుక?"

"మొదటి రోజే."

అంజన్న ముందుకు కదిలాడు. ఆమె చేత్తోనే ఆపింది. కుంటుతూ వచ్చి దేవదాస్ చెయ్యి పట్టుకుంది. అతని బొటనవేలు ఇంకులో ముంచి, కాగితం మీద అదిమింది. అతను చెయ్యి లాక్కోలేదు.

"మర్యాద జేసినోనివి నువ్వే గద బిడ్డా. ముద్ర సుత నీదే ఉండనీ."

జలపతిరావు పైకప్పు వైపు చూశాడు.

వారం తర్వాత ఫైలు ఢిల్లీ చేరింది. ముసలిదాని వేలిముద్ర చాలా స్పష్టంగా పడిందని చీఫ్ మెచ్చుకున్నాడు.