పదిహేడో నంబరులో లాంతరు

అమెరికాలో ఓజార్క్ కొండల్లోని ఆ క్యాంపుగ్రౌండులో పదిహేడో నంబరు చోటు కావాలని ఎవరూ అడగరు. ఇరుకు దారి, వెనకాల ముసలి ఓక్ చెట్టు. ఎప్పుడో ఒకాయన అక్కడ బండికి తగిలించుకునే చక్రాల ఇంటిని, అదే ట్రైలర్‌ని, వెనక్కి పెడుతూ, లాంతరు పట్టుకుని దారి చూపిస్తున్న పెళ్ళాన్ని ఆ చెట్టుకేసి నొక్కేశాడట. "చీకట్లో కనబడలేదు" అన్నాడు. పాపం, పాపం అని అందరూ ఆయన్నే ఓదార్చారు. అప్పట్నుంచీ అక్కడ బండి పక్క అద్దంలో లాంతరు కనబడుతుందనీ, దాన్ని నమ్మి వెనక్కి పోతే అంతేననీ చెప్పుకుంటారు.

లొరెట్టా కూడా ఈ మాట విన్నదే. కానీ ఆ రాత్రి ఖాళీగా మిగిలింది ఆ చోటొక్కటే.

ఆమెకు పొద్దున్నుంచీ ఒళ్ళు మండిపోతూనే ఉంది. మొగుడు డ్వేన్‌కి కంటి ఆపరేషన్ అయింది కాబట్టి ట్రక్కు ఆమే నడపాలి. ఆరు గంటల ప్రయాణం... ఆరు గంటలూ పక్కన కూర్చుని ఒకటే సాధింపు. వెనకున్న ముప్పై అడుగుల ట్రైలర్‌ని ఆ సందులోకి తిప్పాల్సి వచ్చేసరికి ఆయన దిగాడు.

"టార్చి ఏదీ?"

"నీ కాళ్ళ దగ్గరే ఎక్కడో తగలడి ఉంటుంది, చూసుకో!"

తలుపు ధడాలున వేసి వెనక్కి పోయాడు. అరుపులు మొదలు.

"కుడికి తిప్పు! నీ కుడి కాదు, నా కుడి! కళ్ళు పోయింది నాకా నీకా?"

పక్క చోట్లలో కుర్చీలేసుకుని బీరు తాగుతున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"ముందు అద్దంలో కనబడేచోట నిలబడు మహానుభావా! పాతికేళ్ళుగా మొత్తుకుంటున్నా!"

"నీకు చేతకాక నన్నంటావా?"

మాటలు ముదిరేసరికి నవ్వినవాళ్ళు కూడా మొహమాటపడి లోపలికి పోయారు. లొరెట్టా కిటికీ బిగించేసింది. అరుచుకో. రేపు పొద్దున్నే నేను మా చెల్లెలింటికి పోతాను, నువ్వూ నీ ట్రైలరూ ఊరేగండి అనుకుంది.

అప్పుడు... అద్దంలో వెలుగు కనబడింది.

సరిగ్గా నడిమధ్యన. ఎడమకి ఊగింది... ఆగింది... మెల్లిగా రా, రా అంది. ఆమె అలాగే తిప్పింది. ఒక్క కొమ్మ కూడా గీరుకోకుండా ట్రైలర్ లోపలికి పోతోంది. ఇన్నాళ్ళకి నిలబడాల్సిన చోట నిలబడ్డాడు! దానికీ ఆమెకు కోపమే వచ్చింది. ఈ బుద్ధి పాతికేళ్ళ కిందట ఏమైంది?

వెలుగు పైకి లేచింది. ఆగు.

ఆగమంటే ఆగిపోవాలా? ఇంకా రెండడుగులు పోవచ్చు. ఒక్కసారి, ఈ ఒక్కసారి ఆయన మాట వినకుండా తొక్కితే ఎంత హాయి! కాలితో యాక్సిలరేటర్ నొక్కింది. ట్రైలర్ కదిలింది —

వెలుగు అడ్డంగా, పిచ్చికోపంతో ఊగింది. దగ్గరికి... ఇంకా దగ్గరికి... అద్దం నిండా అదే. లొరెట్టా బ్రేకు తొక్కేసింది.

దిగి వెనక్కి పరిగెత్తింది. ఎర్రలైట్ల వెలుగులో డ్వేన్ చెట్టుకి ఆనుకుని ఉన్నాడు. పాదం చెట్టు వేర్ల మధ్య ఇరుక్కుపోయింది. ట్రైలర్ ఆయన గుండెకి జానెడు దూరంలో ఉంది.

"అరిచి అరిచి... గొంతు పోయింది" అన్నాడు గుసగుసగా.

"మరి లైటు ఊపావుగా?"

"ఏం లైటు? టార్చి దొరకలేదు. చీకట్లోనే వచ్చాను."

లొరెట్టా ట్రైలర్‌ని ముందుకు లాగడానికి మళ్ళీ ట్రక్కెక్కింది. డ్వేన్ సీటు కింద టార్చి పడి ఉంది. ఆమె కిటికీ పూర్తిగా దించి, అద్దంలోకి చూసింది.

లాంతరు అక్కడే ఉంది. ఈసారి ముందుకు పొమ్మని ఊగుతోంది.

"చూస్తున్నా తల్లీ" అంది లొరెట్టా.

అంగుళం అంగుళం ముందుకు నడిపింది. భయం వెయ్యలేదు. ఇందాక తన కాలు దేన్ని తొక్కిందో గుర్తొచ్చింది, ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. ఇంత వెలుగు! అద్దం నడిమధ్యన!

చీకట్లో పెళ్ళాం కనబడలేదన్నాడట, వాడు.